చలి చాలని నేలలో బ్లాక్‌బెర్రీ: చేవెళ్ల, మొయినాబాద్ పెరటి తోటలు

బ్లాక్‌బెర్రీ గులాబీ కుటుంబపు ముళ్ల పొద. రూబస్ ప్రజాతికి చెందినది, రాస్ప్‌బెర్రీకి దగ్గరి చుట్టం. ఐరోపాలో, ఉత్తర అమెరికాలో పొలం గట్ల మీద, అడవి అంచున దానంతటదే అల్లుకునే ఈ పొదను 19వ శతాబ్దంలో తోటల్లోకి తెచ్చి సాగుచేయడం మొదలుపెట్టారు. మనం ఒక పండు అనుకునేది నిజానికి ఒకే పువ్వులోంచి పుట్టిన చిన్నచిన్న పండ్ల గుత్తి. రసం నిండిన ఒక్కో బుడిపెలో ఒక్కో గింజ ఉంటుంది. రాస్ప్‌బెర్రీని కోస్తే మధ్యనున్న తెల్లని బొడ్డు కొమ్మకే మిగిలి పండు బోలుగా చేతికొస్తుంది. బ్లాక్‌బెర్రీలో ఆ బొడ్డు పండుతోపాటే ఊడి వస్తుంది. నేలలోని దుబ్బు ఏళ్ల తరబడి బతుకుతుంది గాని దాని నుంచి లేచే ఒక్కో పిలక ఆయుష్షు రెండేళ్లే. మొదటి ఏడాది ఆకులు వేసి ఎదుగుతుంది, చలికాలమంతా నిద్రపోతుంది, రెండో ఏడు పూసి కాసి ఎండిపోతుంది. హైదరాబాద్‌కు పడమట, రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాల పెరళ్లలో ఈ మొక్క పెట్టాలనుకునేవారి కష్టాలన్నీ ఆ నడిమి నిద్ర దగ్గరే మొదలవుతాయి.

మన ఎండకు చలిదేశపు మొక్క మాడిపోతుందన్నది దీని గురించి ముందుగా వినిపించే మాట. అందులో నిజం సగమే. వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన డాలస్ నగరాన్ని తీసుకుందాం. జూలై, ఆగస్టుల్లో అక్కడి సగటు పగటి గరిష్ఠం 35 డిగ్రీలు దాటుతుంది; 40 చేరిన రోజులూ ఉంటాయి. అయినా టెక్సస్ రాష్ట్రంలో బ్లాక్‌బెర్రీ కొత్త మొక్క కాదు. టెక్సస్ ఏ అండ్ ఎం శాస్త్రవేత్తలు 1959లో విడుదల చేసిన బ్రజోస్ రకం అక్కడి పెరళ్లలో దశాబ్దాలపాటు నిలిచింది. హైదరాబాద్ పరిసరాల్లో మే నెల సగటు గరిష్ఠం 39 డిగ్రీలకు అటూ ఇటూ. అంటే వేసవిలో రెండు చోట్లకూ ఉన్న తేడా ఒక మొక్క బతుకును తేల్చేటంత పెద్దది కాదు. పెద్ద తేడా జనవరిలో ఉంది. డాలస్‌లో ఆ నెల రాత్రులు సగటున రెండు మూడు డిగ్రీలకు దిగుతాయి. హైదరాబాద్‌లో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరి 8న. మామూలు డిసెంబరు, జనవరి రాత్రులు 14, 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. పడమటి శివార్లలో నగరం కన్నా కొంత ఎక్కువ చలి పడుతుంది, చలిగాలులు వీచిన ఏట పది డిగ్రీల లోపుకు దిగుతుంది. అది కూడా తెల్లవారుజామున కాసేపే.

ఆ కాసేపు ఎందుకు చాలదో తెలియాలంటే చలి గంటల లెక్క చూడాలి. ఆకు రాల్చే పండ్ల మొక్కలు చలికాలంలో సున్నాకూ ఏడు డిగ్రీలకూ నడుమ గడిపిన గంటలను, ఒక విధంగా, జమ వేసుకుంటాయి. ఆ జమ నిండేదాకా మొగ్గ కన్ను తెరుచుకోదు. మధ్యలో నాలుగు వెచ్చని రోజులు వచ్చినా మోసపోకుండా అసలైన వసంతం కోసం ఆగడానికి ప్రకృతి పెట్టిన గడియ అది. బ్లాక్‌బెర్రీ రకాల్లో ఈ అవసరం ఒక్కో దానికి ఒక్కో తీరు. ఆర్కన్సా విశ్వవిద్యాలయపు నవాహో రకానికి 800 నుంచి 900 గంటలు కావాలి. బ్రజోస్ వంటివి అందులో మూడో వంతుతో సరిపెట్టుకుంటాయి. చేవెళ్లలో అలాంటి గంటలు దాదాపు సున్నా. ఆ లోటు వల్ల మొక్క చచ్చిపోదు. తోటమాలిని తికమకపెట్టేది ఇదే. పొద గుబురుగా, పచ్చగా ఉంటుంది. ఏడాది దాటిన కొమ్మ మీద కొసన ఉన్న రెండు మూడు కన్నులు విచ్చుకుంటాయి, మిగతావి గుడ్డిగా ఉండిపోతాయి. పూత ఒక్కసారి రాకుండా నెలల పొడవునా అక్కడొకటి ఇక్కడొకటి పూసి, చివరికి ఏప్రిల్ వడగాలిలో పడుతుంది. ఎండకు మాడిన ఆ కొద్దిపాటి పిందెలను చూసి తప్పంతా ఎండదే అనుకుంటాం.

లోటు ఎండలో కాక చలిలో ఉందని ఒప్పుకుంటే మార్గం కూడా వేరుగా కనిపిస్తుంది. వేడిని తగ్గించడం కష్టం; చలి చేసే పనిని మరోలా చేయించడం అంత కష్టం కాదు. ఈ ప్రాంతం ఆ పనిని ఎప్పుడో నేర్చుకుంది, ద్రాక్ష మీద. అనాబ్-ఎ-షాహీ అనే హైదరాబాద్ ద్రాక్ష 19వ శతాబ్దం చివర్లో అబ్దుల్ బాకర్ ఖాన్ పెరట్లో మొదలైందని చెబుతారు. ఆ తర్వాత నగరం చుట్టూ తోటలుగా విస్తరించింది. రాజేంద్రనగర్‌లో దీనికోసం ప్రత్యేకంగా పరిశోధన కేంద్రమే వెలిసింది. చలిదేశాల్లో ద్రాక్షకు ఏడాదికి ఒక్క కత్తిరింపు, శీతాకాలపు నిద్రలో. ఇక్కడ తీగ నిద్రపోదు, ఆకు పూర్తిగా రాల్చదు. అలా వదిలేస్తే పెరుగుతూనే పోతుంది, కాపు మాత్రం చెదురుమదురుగా వస్తుంది. అందుకే దక్కన్ రైతులు కత్తెరతో రెండు రుతువులను తయారుచేశారు. ఏప్రిల్‌లో ఒకసారి గట్టిగా కత్తిరించి కొత్త కొమ్మను తెస్తారు. అక్టోబరులో రెండోసారి కత్తిరించి ఆ కొమ్మ మీది కన్నులను కాపుకు లేపుతారు. పండు చలికాలమంతా ఊరి ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తుంది. నగరం పెరిగి, నీళ్లు తగ్గి ఆ తోటల్లో చాలా భాగం పోయాయి గాని, ఆ పంచాంగం మాత్రం అబద్ధం కాలేదు.

ద్రాక్షకు పనికొచ్చింది బ్లాక్‌బెర్రీకీ పనికొస్తుందన్న పూచీ ఏమిటని అడగవచ్చు. కుటుంబాలు వేరు, కొమ్మ తీరు వేరు. దీనికి జవాబు మెక్సికోలో ఉంది. మిచోఅకాన్ రాష్ట్రంలోని లోస్ రేయెస్ లోయ ఉత్తర అక్షాంశం 19 డిగ్రీల పైచిలుకు మీద ఉంది. చేవెళ్ల 17 మీద. ఈ రెండూ కర్కటరేఖకు దక్షిణాన, ఉష్ణమండలంలోనివే. ప్రపంచపు బ్లాక్‌బెర్రీ ఎగుమతుల్లో మెక్సికోను ముందు వరసలో నిలబెట్టింది ఆ లోయే. బ్రెజిల్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా 1988లో విడుదల చేసిన, చలి తక్కువ కోరే తూపీ రకాన్ని అక్కడ విస్తారంగా నాటారు. అయితే రకం ఒక్కటే ఆ పని చేయలేదు. ఎదిగిన కొమ్మల మీద రసాయనాలు చల్లి ఆకంతా రాల్చి, కొసలు కత్తిరించి, ఆపైన హార్మోన్లు పిచికారీ చేసి కన్నులను ఒక్కసారిగా లేపుతారు. తోటలను విడతలు విడతలుగా ఇలా లేపి అక్టోబరు నుంచి జూన్ దాకా పండు కోస్తారు. ఆకు పోవడం, తల తెగడం, ఈ రెండు దెబ్బలనూ మొక్క చలికాలంగా లెక్కవేసుకుంటుందన్నదే ఆ విధానం వెనకున్న కిటుకు. మన దగ్గర గులాబీ రైతు, మల్బరీ రైతు కూడా కత్తిరించి కొత్త చిగురు తెప్పించేది ఇదే పద్ధతిలో. ముఖ్యంగా మల్బరీ, కొమ్మలు నరికి ఆకు దూస్తే కొత్త చిగుళ్లతోపాటే కాయలు వేస్తుంది.

ఇక్కడ ఇంకో అభ్యంతరం ఉంది, మొదటి దానికన్నా బరువైనది. లోస్ రేయెస్ సముద్రమట్టానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉంది. మన దక్కన్‌లో స్ట్రాబెర్రీకి, రాస్ప్‌బెర్రీకి పేరుపడిన మహాబలేశ్వరం కూడా దాదాపు అంతే ఎత్తు. చేవెళ్ల ఎత్తు అందులో సగం లోపే. ఆ ఎత్తులో ఏప్రిల్ కూడా ఇక్కడికన్నా చల్లగా ఉంటుంది. ఇక్కడ మార్చి రెండో వారానికే ఎండ చురుక్కుమంటుంది. ఇది నిజమే. అయితే ఈ అభ్యంతరం కొట్టివేసేది ఎనిమిది నెలల కాపును, కాపును మొత్తంగా కాదు. హైదరాబాద్‌లో నవంబరు, డిసెంబరు, జనవరి నెలల సగటు పగటి గరిష్ఠం 30 డిగ్రీల లోపే, రాత్రులు 20 లోపే. బ్లాక్‌బెర్రీ పువ్వు పండు కావడానికి రకాన్ని, చలిని బట్టి ఆరు నుంచి తొమ్మిది వారాలు చాలు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు; పూత నవంబరులో మొదలైతే ఆ లోపే కాపులో ఎక్కువ భాగం ఇంటికి చేరుతుంది. అంటే ఈ నేల ఇచ్చేది ఒక ఇరుకైన కిటికీ. వ్యాపార తోటకు అది చాలదు. ఇంటిల్లిపాది తినడానికి నాలుగు దుబ్బులు పెట్టుకున్నవారికి చాలుతుంది. చేవెళ్ల ప్రాంతపు రైతు క్యారెట్‌నో పూలనో వదిలి ఎకరాల్లో బ్లాక్‌బెర్రీ వేయాలని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఆ లెక్క నిలవదు.

ఈ కిటికీలోకి కాపును తేవడానికి దారులు రెండు. మొదటిది పాత పద్ధతి రకాలతో, అంటే నిరుటి కొమ్మ మీద కాసేవాటితో. తొలకరికి లేచిన పిలకలను నడుము ఎత్తుకు రాగానే తల తుంచితే పక్క కొమ్మలు వేస్తాయి. వానలు వెనకబట్టాక నీళ్లు తగ్గించి, చిత్త, స్వాతి కార్తెల నాటికి, అంటే అక్టోబరు రెండో సగంలో, ఆకంతా చేత్తో దూసి కొసలు కత్తిరించి, మళ్లీ నీళ్లు పెట్టాలి. బ్రజోస్, తూపీ వంటి తక్కువ చలి రకాలకే ఇది వర్తిస్తుంది. నవాహో లాంటివాటి మీద ఎంత దూసినా ఆకు పోవడమే తప్ప ఫలం ఉండదు. రెండో దారి మొదటి ఏడాది పిలక మీదే కాసే రకాలది. ఆర్కన్సా విశ్వవిద్యాలయం 2004లో ప్రైమ్-జాన్, ప్రైమ్-జిమ్ పేర్లతో ఇటువంటి మొదటి రకాలను విడుదల చేసింది; ఆ తర్వాతి దశాబ్దంలో ముళ్లు లేని ప్రైమ్-ఆర్క్ ఫ్రీడమ్ వచ్చింది. వీటిలో పిలక నేలలోంచి లేచి, కొంత ఎదిగి, నిద్ర అడగకుండానే కొసన పూస్తుంది. చలి గంటల చిక్కుముడిని విప్పకుండా పక్కకు తప్పుకునే ఉపాయం ఇది. మొలక నుంచి పూతకు రెండున్నర మూడు నెలలు పడుతుంది కాబట్టి, మఖ కార్తెలో, ఆగస్టు మూడో వారానికి, పొదను నేలమట్టంగా కోసేస్తే కొత్త పిలకలు నవంబరులో పూతకొస్తాయి.

ఈ రెండింటిలో రెండోదే ఇక్కడికి తగినది. కారణం చలి ఒక్కటే కాదు. మొదటి పద్ధతిలో కాపునిచ్చే కొమ్మ నెలల తరబడి, వాన ముసుర్లలో కొమ్మ తెగుళ్లను తట్టుకుంటూ, చెక్కుచెదరకుండా నిలవాలి. రెండో పద్ధతిలో పై కొమ్మ పోయినా దుబ్బు బతికి ఉంటే చాలు. అయితే దీనికీ ఒక మెలిక ఉంది. ఈ రకాలను సహజంగా వదిలేస్తే వసంతంలో లేచి మండువేసవిలో పూస్తాయి. ప్రైమ్-జాన్, ప్రైమ్-జిమ్‌లను వేర్వేరు ఉష్ణోగ్రతల గదుల్లో పెంచి చూసినప్పుడు పగటి వేడి 35 డిగ్రీలకు చేరిన చోట పూలు బాగా దెబ్బతిన్నాయి. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కనిపించే మొగ్గలను చూసి మురిసిపోకూడదు, తుంచేయాలి. చలి బొత్తిగా లేనిచోట దుబ్బు నుంచి లేచే పిలకల సంఖ్య కూడా తగ్గవచ్చు. అందుకే మార్చి నుంచి ఆగస్టు దాకా వచ్చిన ఆకులను కాపాడి దుబ్బుకు బలం చేకూర్చాలి. ఆగస్టు కోతకు ఫలితం ఆ నిల్వ మీదే ఆధారపడుతుంది. కాపు అవగానే మొదలంటా నరికి మరచిపోయే మొక్క కాదిది.

నేల విషయంలో ఈ రెండు మండలాలు ఒక్క తీరుగా లేవు. మొయినాబాద్, చిలుకూరు వైపు గ్రానైటు రాయి మీద ఏర్పడిన ఎర్ర చెల్కలు; చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు పోతున్నకొద్దీ నల్లరేగడి కనిపిస్తుంది. బ్లాక్‌బెర్రీ వేళ్లు పైపైనే పాకుతాయి, నీరు నిలిస్తే కుళ్లిపోతాయి. చెల్కలో నీరు ఇంకిపోతుంది కాబట్టి అదే మేలు. రేగడిలోనైతే అడుగు ఎత్తు మడి కట్టి నాటాలి. మట్టి కాస్త పులుపు వైపు, ఉదజని సూచిక 5.5కూ 6.5కూ మధ్య ఉంటే దీనికి ఇష్టం. అయితే మట్టికన్నా జాగ్రత్తగా చూడాల్సింది బోరు నీళ్లను. సాగు మొక్కల్లో ఉప్పును ఏమాత్రం ఓర్చుకోని వర్గంలోకి బ్లాక్‌బెర్రీ వస్తుంది. వేళ్ల దగ్గరి ఉప్పదనం మీటరుకు 1.5 డెసీసీమెన్లు దాటగానే, ఆపైన పెరిగే ఒక్కో డెసీసీమెన్‌కు దిగుబడి 22 శాతం చొప్పున పడిపోతుంది. బోరు నీటిలోని సున్నపు గుణం వల్ల ఇనుము అందక లేత ఆకులు ఈనెలు తప్ప పసుపు పచ్చబడటం మరో కష్టం. ఇంటి కప్పు మీద పడిన వాన నీటిని తొట్టెలో పట్టి వేసవిలో వాడుకోగలిగితే ఈ రెండు బాధల్లో సగం తీరుతుంది. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడే చోట నాలుగైదు దుబ్బులకు అది అత్యాశేమీ కాదు. మార్చి నుంచి మృగశిర దాకా పడమటి ఎండ తగలకుండా షేడ్‌నెట్, మొదలు చుట్టూ జానెడు మందాన ఎండుటాకులో వరిగడ్డో, దాని కింద డ్రిప్పు. దుబ్బు వేసవి దాటడానికి ఇంతకుమించి అక్కర్లేదు. ఎండిన గడ్డి కిందికి చెదలు చేరతాయి గనక వేపపిండి వేస్తుండాలి.

మెక్సికో పద్ధతిని ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకోకూడదనడానికి ఈ ప్రాంతంలో ప్రత్యేక కారణం ఒకటుంది. హైదరాబాద్‌ను ముంచిన 1908 వరదల తర్వాత కట్టిన రెండు జలాశయాలు, 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్, ఈ మండలాల వాన నీటితో కూడా నిండుతాయి. ఆ నీటిని కాపాడటానికే 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడాలను అది నిషేధించింది. ఆ ఆంక్షల ఎత్తివేత మీద 2022 నుంచి ప్రభుత్వ నిర్ణయాలు మారుతూ వచ్చినా, ఇక్కడ విశాలమైన తోటల నడుమ ఇళ్లు కనిపించడానికి ఆ జీవో కూడా ఒక కారణం. ఇక రసాయనాల సంగతి: ద్రాక్ష రైతులు కన్నులు లేపడానికి వాడే హైడ్రోజన్ సైనమైడ్ ఒంటికి తగిలినా పీల్చినా ప్రమాదకరమైన మందు. అది చల్లిన మనిషి ఆ దరిదాపుల్లో మద్యం తాగితే ప్రాణం మీదికొస్తుంది. ఐరోపా సమాఖ్య దాన్ని అనుమతించడం లేదు. నాలుగు పొదల కోసం పిల్లలు తిరిగే పెరట్లో, చెరువులకు నీరు పారే నేలలో దాన్ని చల్లడానికి ఏ సమర్థనా లేదు. చేత్తో ఆకు దూయడం ఎకరం తోటలో అసాధ్యం, ఇంటి దగ్గర అరపూట పని. పెరటి తోటకు ఉన్న అసలు సౌకర్యం అదే.

ఇంత తంటాలు పడే బదులు మల్బరీయో వాక్కాయో వేసుకోవచ్చు కదా అన్న మాటను తేలిగ్గా తీసిపారేయలేం. పండ్ల బరువే లెక్కయితే మల్బరీ గెలుస్తుంది. చలి అడగదు, ఎండకు వెరవదు. కంచె కోసమైతే వాక్కాయను మించింది లేదు. మన దేశపు రూబస్‌లను కూడా మరవకూడదు. మైసూర్ రాస్ప్‌బెర్రీగా ప్రపంచానికి తెలిసిన రూబస్ నీవియస్ చలి లేకున్నా కాస్తుంది. ఆ గుణం వల్లే ఫ్లోరిడా పెరళ్లకు చేరింది, అదే గుణంతో గాలపగోస్ దీవుల్లో అదుపు తప్పి కలుపుగా మారింది. రుచిలో, పరిమాణంలో అది బ్లాక్‌బెర్రీకి సాటి రాదు గాని, తొలిసారి చేయి పెట్టేవారికి తేలికైన మొక్క. ఒక్క రకాన్నే నమ్ముకోనక్కర లేదు. మల్బరీని ఆధారంగా పెట్టుకుని, బ్లాక్‌బెర్రీని ముచ్చటగా పెంచుకోవడం తెలివైన పని. కొత్త పండు మీద మోజు తప్పేమీ కాదు. అనాబ్-ఎ-షాహీ కూడా ఒక పెరటి ముచ్చటగానే మొదలైంది.

తెగుళ్ల గురించి కొంచెమే చెప్పాలి. గులాబీ తోటలున్న ఊళ్లలో తామర పురుగు, ఎర్రనల్లి పక్కింటి నుంచే వస్తాయి. బూజు తెగుళ్లకు గాలి ఆడేలా పొదను పలచన చేయడమే సగం మందు. పక్షుల, కోతుల బెడద అంతకన్నా ఎక్కువ. మృగవని జాతీయ ఉద్యానం ఉన్న చిలుకూరు చుట్టుపక్కల నెమళ్లు, అన్నిచోట్లా పిగిలిపిట్టలు, కోతులు ఉండనే ఉన్నాయి. పిందె రంగు మారకముందే వల కప్పాలి. కోసే వేళలోనూ ఒక ఓపిక కావాలి. నిగనిగలాడే నల్లపండు ఇంకా పుల్లగానే ఉంటుంది. ఆ మెరుపు తగ్గి, ముట్టుకుంటే చేతిలోకి రాలేదాకా ఆగాలి, ఎందుకంటే కోసిన తర్వాత ఇది మాగదు. పొద్దున్నే కోసి నీడకు చేర్చకపోతే నల్లని బుడిపెలు కొన్ని తిరిగి ఎర్రబడతాయి.

మొక్క సంపాదించడంలోనే చాలామంది దెబ్బతింటారు. బ్లాక్‌బెర్రీ పేరుతో మల్బరీ మొక్క అంటగట్టినా గుర్తుపట్టడం సులువే: మల్బరీది ఒంటి ఆకు, బ్లాక్‌బెర్రీది ఒకే కాడకు మూడు నుంచి అయిదు రెక్కలుగా చీలిన ఆకు. పొట్లాల్లో దొరికే విత్తనాల జోలికి పోకపోవడం మంచిది. అవి మొలవడానికే చలి అడుగుతాయి, మొలిచినా తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. రకం పేరు చెప్పలేని నర్సరీలో కొనడమంటే చలి గంటల లెక్క తెలియకుండా కొనడమే. అమెరికాలో ఉన్న పిల్లలను పెట్టెలో నాలుగు కొమ్మలు తెమ్మనడం ఇంకా పెద్ద పొరపాటు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా నాటే కొమ్మను దేశంలోకి తేకూడదు. కొత్త రకాల్లో చాలావాటికి అక్కడ పేటెంట్ కూడా ఉంటుంది. కొమ్మతోపాటు మన గులాబీ తోటలు ఎరగని తెగులు ఒకటి వస్తే దాని నష్టం ఒక్క పెరటితో ఆగదు. సక్రమంగా తెప్పించిన మొక్క ఒక్కటి దొరికితే చాలు. వంగిన కొమ్మ కొసను వానాకాలంలో మట్టిలో పాతితే కొన్ని వారాల్లో వేరు పట్టి కొత్త దుబ్బవుతుంది.